అడిగి ఊరుకోవడం

మన బడులలో ప్రశ్న అడిగేవారెవరు, జవాబు చెప్పేవారెవరు అని ఎవరైనా ఒక పూట కూర్చుండి పరిశీలిస్తే ఒక వింత బయటపడుతుంది. రెండు పనులూ ఉపాధ్యాయుడే చేస్తున్నాడు. "మొక్కలకు ఆహారం ఎక్కడినుండి వస్తుంది?" అని అడుగుతాడు, ఊపిరి తీసుకొన్నంత సేపైనా ఆగడు, "ఆకులలో తయారవుతుంది, అవునా?" అని తానే అందిస్తాడు. "అవునండీ" అని తరగతి యావత్తూ ఏకకంఠంగా పలుకుతుంది. ఆ పైన ఇంకొక మెట్టు ఉన్నది. "దీనిని కిరణజన్య సంయోగ క్రి...?" అని మాటను నడిమికి విరిచి చివరి అక్షరాన్ని పిల్లల నోటికి వదులుతాడు. "య!" అని నలభై గొంతులు లేస్తవి. నేను కాపురముంటున్న జంషెడ్‌పూరులో ఇదే తంతు హిందీలో జరుగుతుంది: "ప్రకాశ్ సంశ్లే...?" "షణ్!" పాఠం బాగా సాగినదని గురువు సంతోషిస్తాడు. తమకు విషయం తెలిసినదని పిల్లలు నమ్ముతారు. తనిఖీకి వచ్చిన అధికారి తరగతి చురుకుగా ఉన్నదని రాసుకొని పోతాడు. ఆ చురుకుదనం మీదనే నా ఫిర్యాదు.

ప్రశ్న వేసిన తరువాత ఊరుకోవడం అనే పని ఒకటి ఉన్నది. అది బోధనలో భాగమని మనవారు ఒప్పుకోవడం లేదు. తెలుగులో ఊరుకొనుట అనే క్రియ చాలా దొడ్డది: మాటాడకుండుట, సహించుట, ఏడుపు మానుట, జోలికి పోకుండుట, ఇన్ని అర్థాలు అందులో ఇమిడి ఉన్నవి. కాని బడిలో ఆ మాట ఎప్పుడూ ఆజ్ఞగానే వినబడుతుంది, అదీ పిల్లలమీదనే. ఏ పంతులూ ఆ ఆజ్ఞను తనకు తాను ఇచ్చుకొనగా నేను వినలేదు.

ఈ సంగతిని గడియారంతో కొలిచినవారున్నారు. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త విజ్ఞానశాస్త్ర పాఠాలను టేపులమీద ఎక్కించి, ప్రశ్న ముగిసిన క్షణం మొదలుకొని ఉపాధ్యాయుడు మళ్ళీ నోరు విప్పేవరకు ఎంత కాలం గడుస్తున్నదో లెక్క కట్టారు. 1970లలో ఆమె ప్రకటించిన లెక్క ప్రకారం ఆ వ్యవధి సగటున ఒక్క సెకను. ఆ ఒక్కటిని మూడు చేసి చూచినప్పుడు పిల్లల జవాబులు పొడుగైనవి. కారణం చెప్పడం అలవాటైనది. ఏమీ పలకకుండా ఉండిపోయేవారి సంఖ్య తగ్గినది. పిల్లలే ప్రశ్నలు వేయసాగారు. వెనుకబడినవారని ముద్రపడినవారు నోరు తెరిచారు. ఉపాధ్యాయులు అడిగే ప్రశ్నలు సంఖ్యలో తగ్గి, రకంలో మెరుగైనవి. ఇంత మార్పునకు ఖర్చు రెండు సెకనులు.

ఆమె పట్టుకొన్న మరొక సంగతి నన్ను నిద్ర పోనివ్వలేదు. తరగతిలో మొదటి అయిదుగురు ఎవరు, కడపటి అయిదుగురు ఎవరు అని ఉపాధ్యాయులనే అడిగి, ఎవరికెంత గడువు దొరుకుతున్నదో ఆమె చూచారు. తెలివైనవారనిపించుకొన్నవారికి సుమారు రెండు సెకనులు దొరికినవి. కడపటివారికి ఒక్క సెకనైనా నిండలేదు. ఎవరికి వ్యవధి ఎక్కువ అవసరమో వారికే తక్కువ! ఇందులో దురుద్దేశం ఉన్నదని నేననను. వీడు ఎలాగూ చెప్పడు అనే నమ్మకం ముందు పుట్టి, ఆ నమ్మకాన్ని నిజం చేసే తొందర తరువాత పుడుతుంది. కాని పిల్లవాని నోరు మూతపడడానికి ఉపాధ్యాయుని దురుద్దేశం అవసరం లేదు.

అమెరికా ముచ్చట మనకెందుకనేవారి కొరకు మా ఊరి ముచ్చటే చెబుతాను. జంషెడ్‌పూరులో ఏ బడిలోనైనా భూగోళం పాఠంలో ఒక ప్రశ్న తప్పదు: ఉక్కు కర్మాగారాన్ని ఇక్కడనే ఎందుకు స్థాపించారు? ఆ తరగతిలో ఒక తెలుగు బాలిక ఉన్నదనుకొందాము. ఇది పెద్ద ఊహ ఏమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం సీమలనుండి బెంగాల్ నాగపూరు రైలెక్కి పనికొరకు వచ్చి ఇక్కడనే స్థిరపడిన కుటుంబాలు ఈ ఊరిలో తరతరాలుగా ఉన్నవి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి గుర్తే. ఆ పిల్ల ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, బంగ్లా, బడిలో హిందీ. ప్రశ్నకు జవాబు ఆమెకు పుస్తకం చెప్పనక్కరలేదు. ముడిఇనుము పెట్టెలు లాగుకొంటూ పోయే రైళ్ళను చూచినది. దోముహానీ దగ్గర ఖర్కాయి సువర్ణరేఖలో కలియడం చూచినది. తాత ఏ పని చేసేవాడో అవ్వ చెప్పగా విన్నది.

ఇప్పుడు ఆమె ఏమి చేయవలెనో చూడండి. జవాబు తెలుగులో తోచినది: గని దగ్గర, బొగ్గు వస్తుంది, ఏరు పారుతుంది. తెలుగువారికి గనీ అది, బొగ్గూ అది, ఏరూ అది, క్రియ మారదు. హిందీలో గని, అనగా ఖాన్, స్త్రీలింగం. కోయలా పుంలింగం. నదీ స్త్రీలింగం. ఇస్పాత్ పుంలింగం. పట్రీ మళ్ళీ స్త్రీలింగం. ఖాన్ థీ అనవలెనా, థా అనవలెనా? నదీ బహతీ అయితే కోయలా ఆతా గదా? ఒక్కొక్క వస్తువునకు ఆడదో మగదో తేల్చుకొంటే గాని వాక్యం కదలదు. ఈ చిక్కు ఎంతటిదో నాకు బాగా తెలుసును. ముప్పది ఏళ్ళుగా ఈ రెండు భాషల మధ్య రాకపోకలు సాగిస్తూ, ఒక్క మాటకొరకు ఒక పూట కలం పక్కన పెట్టి కూర్చున్న దినాలు నాకు లేకపోలేదు. అనువాదకుడు అట్లా కూర్చుంటే శ్రద్ధ అంటారు. పదేళ్ళ పిల్ల రెండు సెకనులు అట్లా నిలబడితే "నీకు రాదు, కూర్చో, నీవు చెప్పు" అని వేలు పక్క బెంచీ వైపు తిరుగుతుంది. ఆ పక్క బెంచీవాడు ఇంటిలోనూ హిందీయే మాటాడేవాడు. వానికి తెలిసినది ఎక్కువేమీ కాకపోవచ్చును. వానికి దాటవలసిన ఏరు లేదు, అంతే.

ఆ ప్రశ్నకు పెద్దలు ఎంత కాలం తీసుకొన్నారో కూడా చెప్పుకొనడం న్యాయం. జంషెడ్‌జీ టాటా పంపినవారు మొదట చాందా జిల్లా గాలించారు. అక్కడ పని కుదరక దుర్గ్ జిల్లా కొండలు చూచారు. మయూర్‌భంజ్ సంస్థానంలో మంచి ముడిఇనుము ఉన్నదని భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోసు ఉత్తరం రాసినది 1904లో. ఆ ఏడే జంషెడ్‌జీ కన్నుమూశారు. వెదకులాట గొరుమహిసాని కొండకు చేరినది. 1907లో కంపెనీ ఏర్పడినది. ఇనుముకూ, ఝరియా బొగ్గుకూ, రెండు నదుల నీటికీ, కాళీమాటి రైలుస్టేషనుకూ అందుబాటులో ఉన్న సాక్చి అనే పల్లె తేలినది. 1912లో గాని ఉక్కు రాలేదు. ఇంతమంది నిపుణులు ఇన్నేళ్ళు తిరిగి కనుగొన్న జవాబును ఆ బాలిక ఒక సెకనులో, పరాయి లింగవ్యవస్థలో, తప్పు లేకుండా అప్పజెప్పవలెనట! ఈ కథనే గురువు తరగతికి చెప్పి, "మీరైతే ఎక్కడ వెదికేవారు?" అని అడిగి ఊరుకొంటే ఏమి జరిగేదో ఎవరికీ తెలియదు, అడిగి ఊరుకొన్నవారు లేరు గనుక.

తెలుగు పిల్ల గతి ఇదైతే, ఈ నేలకే చెందిన సంతాలీ, హో పిల్లల గతి చెప్పనలవి కాదు. వారి భాషలలో ప్రాణమున్నది, ప్రాణం లేనిది అనే భేదం ముఖ్యం. ఆడమగ భేదాన్నిబట్టి క్రియ మారదు. నది ఆడదెందుకైనదో, బొగ్గు మగదెందుకైనదో వారికి మనకంటె మరీ విచిత్రం. పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాట్లు ఉండవలెనని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956నుండి చెబుతూనే ఉన్నది. సంతాలీని 2003లో ఎనిమిదవ షెడ్యూలులో చేర్చారు. వీలైనంతవరకు అయిదవ తరగతిదాకా ఇంటిభాషలోనే చెప్పమని 2020నాటి జాతీయ విద్యావిధానం అన్నది. ఇవన్నీ మంచివే. మూడు సెకనులు ఆగితే ఇవి అక్కరలేదని నేననడం లేదు. పరభాషలో బోధించి, అందుకు పరిహారంగా కాస్త ఆగితే చాలుననేవారితో నాకు పొత్తు లేదు. కాని చట్టం అమలయ్యేదాకా ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? ఈ దినం, ఈ బెంచీమీదనే. అమలైన తరువాత కూడా ఇంటిభాషలో అడిగి ఇంటిభాషలోనే ఒక్క సెకనుకు నోరు మూయించే పంతులు ఉండనే ఉంటాడు.

ఈ విషయంలో మన తెలుగువారికి ఒక పెద్ద దిక్కు ఉన్నారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు, ముందుగా తామే సవర భాష నేర్చుకొన్నారు. రాతలేని ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు, సవరలకు బడులు పెట్టించారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. వ్యావహారిక భాషోద్యమం పేరిట వారిని ఏటా ఆగస్టు 29న పూజిస్తాము. సవర మాటాడేవాని ఎదుట చెవి ఒగ్గి కూర్చున్న పంతులుగారిని మాత్రం ఆ పూజలో ఎవరూ తలవరు. గురువు ముందు శిష్యుడై, తనకు అర్థంకాని మాటకొరకు తాను ఆగి చూచిన తరువాతనే ఆయన పిల్లలను ప్రశ్న అడిగారు.

ఇక ఆక్షేపణలు. పాఠ్యప్రణాళిక పూర్తికాదు అనేది మొదటిది. లెక్క వేద్దాము. పీరియడు నలభై నిమిషాలు. అందులో ముప్పది ప్రశ్నలు వేసే ఉత్సాహవంతుడే అనుకొందాము. ఒక్కొక్క ప్రశ్నకు రెండు సెకనులు అదనంగా ఆగితే మొత్తం ఒక నిమిషం. హాజరు పట్టీ చదవడానికే ఇంతకంటె ఎక్కువ పడుతుంది. తరగతి అదుపు తప్పుతుంది అనేది రెండవది. ఇందులో కొంత నిజమున్నది. ప్రాథమిక పాఠశాలలలో ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుడుండవలెనని 2009నాటి విద్యాహక్కు చట్టం అన్నా, యాభైమందిని ఒక గదిలో కూర్చోబెట్టిన చోట ఒక్కడు ఆలోచిస్తుంటే మిగిలినవారు ఏమి చేస్తారనే భయం సహజం. కాని పేరు పిలిచి ప్రశ్న వేస్తేనే మిగిలినవారికి సెలవు దొరుకుతుంది. ముందు ప్రశ్న వేసి, ఊరుకొని, తరువాత పేరు పిలిస్తే ఆ మూడు సెకనులూ యాభైమందివీ అవుతవి. మూడవ ఆక్షేపణను ఎవరూ పైకి చెప్పరు. అడిగి ఊరుకొంటే తన ప్రశ్న ఎంత పేలవమో గురువుకే వినబడుతుంది. "ఝార్ఖండు రాజధాని ఏది?" అని అడిగి మూడు సెకనులు నిశ్శబ్దంగా నిలుచున్న మనిషికి నవ్వైనా రావలెను, సిగ్గైనా కలగవలెను. ఆగదగిన ప్రశ్న దొరకనివాడే తొందరపడతాడని నా అనుమానం.

ఎక్కాలు అప్పగించుకొనేటప్పుడు, వర్ణమాల వల్లె వేయించేటప్పుడు ఆగనక్కరలేదు. అక్కడ వేగమే అందం. ఆ వేగాన్ని తెచ్చి చరిత్రకూ విజ్ఞానానికీ కవిత్వానికీ అంటగట్టడమే తప్పు. ముందుగా గంట నొక్కినవాడే మేధావి అని టెలివిజను పోటీలు నేర్పినవి. ప్రవేశపరీక్షల శిక్షణాలయాలు దానిని మతంగా మార్చినవి.

వేగమే తెలివి అనేది మన సంప్రదాయమని ఎవరైనా అంటే నేను అష్టావధానాన్ని సాక్ష్యం పిలుస్తాను. ఆశువుగా పద్యం చెప్పగల వానినే పరీక్షించే ఆ సభలో, సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు పద్యమంతా అప్పుడే ఇమ్మని పట్టుపట్టడు. అవధాని ఒక ఆవృత్తిలో ఒక పాదం చెప్పి పక్క పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. దత్తపదికీ అంతే, వర్ణనకూ అంతే. నాలుగు ఆవృత్తులు తిరిగితే గాని పద్యం నిండదు. నడుమ ఆయన కన్నులు మూసుకొంటే సభ ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఏకాగ్రతను చెడగొట్టే పని ఒక్క అప్రస్తుత ప్రసంగికే అప్పగించారు, అదీ వినోదంకొరకు. మన తరగతిలో ఆ పాత్రను గురువే ధరించాడు. ప్రశ్న వేసి, దానినే వేరొక విధంగా తిప్పి వేసి, "చెప్పు, చెప్పు, నిన్ననే గదా చెప్పినాను, మరచినావా?" అని గుక్క తిప్పుకోకుండా మాటాడుతుంటే పాపం ఆ పిల్లవాడు ఏ మాటను వినవలెను, ఏ మాటను వెదకుకోవలెను?

ఇంకొంచెం వెనుకకు పోతే తైత్తిరీయోపనిషత్తులో భృగువు ఉన్నాడు. తండ్రియైన వరుణుని బ్రహ్మమంటే ఏమిటని అడిగి, తపస్సు చేసి వచ్చి, అన్నమే బ్రహ్మమని తెలుసుకొన్నాడు. వరుణుడు ఔననలేదు, కాదనలేదు. తపస్సు చేయుమని మళ్ళీ పంపినాడు. ప్రాణమన్నాడు, మళ్ళీ అదే మాట. మనస్సు, విజ్ఞానం, చివరకు ఆనందం. మొదటి జవాబు విన్న వెంటనే వరుణుడు సరియైన జవాబు చెప్పివేసి ఉంటే ఆ వల్లి ఒక వాక్యంతో ముగిసి ఉండేది. ఆ గురుకులాల తలుపులు ఎవరికి తెరిచి ఉండినవో, ఎవరికి మూసి ఉండినవో నేనెరుగుదును. ఆ కాలం తిరిగి రావలెనని నా కోరిక కాదు. అప్పుడు ఒక్క భృగువునకు దొరికిన గడువు ఇప్పుడు బడికి వచ్చిన పిల్లలందరికీ దొరకవలెనంటున్నాను.

ఊరుకోవడంలోనూ రెండు రకాలున్నవి. ప్రశ్న వేసి, చేతులు కట్టుకొని, పిల్లవానిని గుచ్చి చూస్తూ నిలుచుండడం ఒకటి. ఆ మౌనం బెత్తానికి తమ్ముడు. దానిలో మూడు సెకనులు గడిస్తే పిల్లవానికి వచ్చినది కూడా పోతుంది. గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన దివాస్వప్నంలో కొత్త ఉపాధ్యాయుడు తొలినాడే పిల్లలచేత మౌనపు ఆట ఆడించబోయి భంగపడతాడు. మౌనం పిల్లలనుండి కోరినప్పుడు అది ఆజ్ఞ అయినది, వారు నవ్వి పారవేశారు. గిజుభాయి తన ఉపాధ్యాయుని ఓటమిని దాచలేదు. మరునాటినుండి వాని తీరు మారినది. చూపు మెత్తగా ఉండి, ఈ పిల్ల ఏదో చెప్పబోతున్నదనే ఆశ ముఖంలో కనబడితే గాని ఆగడం ఆగడం అనిపించుకోదు.

ఇది ఉపాధ్యాయులకు ఎవరు నేర్పవలెను? శిక్షణ కళాశాలలు. అవి నేర్పుతున్నదేమిటి? 1960లలో స్టాన్‌ఫర్డులో రూపొంది మన బి.ఎడ్. తరగతులకు వచ్చిన సూక్ష్మబోధన అనే పద్ధతి ఒకటి ఉన్నది. దాని మూలంలోని నైపుణ్యాల పట్టికలో మౌనానికి కూడా చోటున్నది. దానితోబాటు ప్రశ్నించడంలో ధారాళత అనేదీ ఉన్నది. మన అభ్యాసంలో ధారాళతను కొలవడం సులువు: నిర్ణీత కాలంలో ఎన్ని ప్రశ్నలు వేసినాడో లెక్కపెట్టితే సరి. మౌనాన్ని ఎట్లా లెక్కపెట్టుతారు? పైగా ఆ అభ్యాసపాఠం ఆరు నిమిషాలది. పిల్లల స్థానంలో తోటి విద్యార్థులు కూర్చుంటారు, వారికి జవాబు ముందే తెలుసును. ఆరు నిమిషాలలో మార్కులు సంపాదించుకోవలసిన యువకుడు ఆగుతాడా? అక్కడ పడిన అలవాటు ముప్పది ఏళ్ళ ఉద్యోగంలో వదలదు. పరిశీలకుని పట్టికలో "ప్రశ్నల సంఖ్య" అనే గడి పక్కన "ప్రశ్న తరువాత ఎంతసేపు ఊరుకొన్నాడు" అనే గడి ఒకటి గీయడానికి ఏ చట్టసవరణా అక్కరలేదు. తనిఖీ అధికారులు కూడా ఆ గడినే నింపుకోవచ్చును. నిశ్శబ్దంగా ఉన్న తరగతిని చూచి గురువునకు పాఠం రాలేదనుకోవడం అప్పటికి తగ్గుతుంది.

రెండవ విరామం ఒకటి మిగిలినది. రో దానిని కూడా కొలిచారు: పిల్ల జవాబు చెప్పిన తరువాత గురువు మాటాడేవరకు పట్టే వ్యవధి. మొదటిదానికంటె దీని ఫలితమే ఎక్కువని ఆమె అభిప్రాయం. మన బడులలో ఇది బొత్తిగా లేదు. ఆ తెలుగు బాలికకు ఎట్లాగో అవకాశం దొరికి, "పాస్ మే లోహే కా ఖాన్ థా" అన్నదనుకోండి. "కా కాదు, కీ! థా కాదు, థీ!" అని దిద్దుబాటు వెంటనే పడుతుంది, "శాబాష్, కూర్చో" అనే మెప్పు దాని వెనుకనే పడుతుంది. రెండూ తలుపు మూయడమే. దిద్దవద్దని నేననను, లింగం తప్పితే అనువాదకునికి ఒళ్ళు మండకపోదు. కాని ఆమె వాక్యం ఇంకా కాలేదు. గని తరువాత ఏటి సంగతి, ఏటి తరువాత రైలు సంగతి, ఆ రైలులో వచ్చిన తాత సంగతి ఆమె నాలుక చివర ఉన్నవి.